ఐప్యాడా, ఆండ్రాయిడా, విండోసా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం టాబ్లెట్ల గురించే. "ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే పరికరాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) మంచిదో ఒక్క ముక్కలో చెప్పండి" అని కొందరు రాశారు. ఒక్క ముక్కలో తేలే వ్యవహారం కాదిది. నా ఎదురు ప్రశ్న ఒకటుంది: దాన్ని రోజూ చేతిలోకి తీసుకునేది ఎవరు, ఎన్నేళ్లు? ఫోన్ ఎవరిది వాళ్లదే, పాతబడగానే మార్చేస్తాం. టాబ్లెట్ ఇంట్లో చేతులు మారుతూ, హాల్లో ఒక మూల ఛార్జింగ్‌కి వేలాడుతూ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఫోన్ కొనేటప్పుడు వేసుకునే లెక్క దీనికి సరిపోదు.

ప్రశ్న: మేడమ్, మా ఇంట్లో ఆరో తరగతి, రెండో తరగతి చదివే పిల్లలు, మా అత్తగారు, మేమిద్దరం. అందరికీ కలిపి ఒక టాబ్లెట్ కొందామనుకుంటున్నాం. మావారు ఐప్యాడే కొనాలంటున్నారు, ఎక్కువ కాలం వస్తుందట. ఫోన్లన్నీ ఆండ్రాయిడే కదా, ఇదీ అదే అయితే నయమని నా వాదన. మీరే తేల్చాలి.

జవాబు: మీవారి మాటలో నిజముంది. 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2కి 2021 నాటి ఐప్యాడ్ ఓఎస్ 15 కూడా అందింది. అదే 2014లో గూగుల్ తన సొంత బ్రాండుతో తెచ్చిన నెక్సస్ 9 టాబ్లెట్ ఆండ్రాయిడ్ 7 దగ్గరే ఆగిపోయింది. పాత చరిత్ర చూస్తే ఈ విషయంలో ఆపిల్‌కి పోటీ లేదు.

అయినా మీ ఇంటి వరకు నా ఓటు మీకే. అయితే ఫోన్లు ఆండ్రాయిడ్ కాబట్టి కాదు. ఐప్యాడ్‌ని ఒక్క మనిషి కోసం తయారు చేశారు కాబట్టి. ఒకే ఐప్యాడ్‌లో వేర్వేరు యూజర్లు అనే ఏర్పాటును ఆపిల్ స్కూళ్లకు, కంపెనీలకు మాత్రమే ఇచ్చింది. ఇళ్లలో వాడేదానికి ఇవ్వలేదు. ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో అది 2012లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచీ ఉంది.

దీనివల్ల ఒరిగేదేమిటంటారా? మీ చిన్నవాడు గంటసేపు కార్టూన్లు చూసి టాబ్లెట్ అత్తగారి చేతికిచ్చాడనుకోండి. ఐప్యాడ్ అయితే ఆవిడ యూట్యూబ్ తెరవగానే మళ్లీ ఆ కార్టూన్లే వరస కడతాయి. మీ మెయిల్ నోటిఫికేషన్లు ఆవిడకి కనిపిస్తాయి. మీరు తొమ్మిదింటికి పిల్లల కోసం స్క్రీన్ టైమ్‌లో తాళం వేస్తే, ఆవిడ చూస్తున్న వీడియో కూడా తొమ్మిదింటికే మూతపడుతుంది. ఆండ్రాయిడ్‌లో పైనుంచి తెరను రెండుసార్లు కిందికి లాగితే ఒక మూల చిన్న గుండ్రటి మనిషి బొమ్మ కనిపిస్తుంది. దాన్ని నొక్కి అత్తగారి పేరు ఎంచుకుంటే తెర ఒక్క క్షణం నల్లబడి ఆవిడ వాల్‌పేపర్, ఆవిడకి సరిపోయే పెద్ద అక్షరాలు, ఆవిడ యాప్‌లు వస్తాయి. పిల్లల గోలంతా ఆ తెర వెనకే ఆగిపోతుంది. పిల్లలకి ఫ్యామిలీ లింక్‌తో (పిల్లల వాడకాన్ని అదుపు చేసే గూగుల్ యాప్) వేరే అకౌంట్ పెట్టి, వాళ్ల వరకే టైమ్ కట్టడి చేయొచ్చు.

రెండు చోట్ల జాగ్రత్త పడండి. కొన్ని కంపెనీలు ఈ యూజర్ల ఏర్పాటును తీసేసి అమ్ముతాయి. అందుకే కొనే ముందు సెట్టింగ్స్‌లో సెర్చ్ డబ్బాలో 'యూజర్స్' అని కొట్టి చూడండి. రాకపోతే ఆ మోడల్ మీకు పనికిరాదు, ఎంత బాగున్నా సరే. రెండోది, ఒక్కో యూజర్ డేటా విడిగా పేరుకుంటుంది కాబట్టి ఐదుగురికి 64 జీబీ చాలదు, 128 ఉండాల్సిందే. మెమరీ కార్డు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. కార్డులో ఫొటోలు, వీడియోలు సర్దుకుంటాయి గానీ యాప్‌ల బరువు చాలావరకు లోపలి స్టోరేజ్ మీదే పడుతుంది.

ఇక కాలం సంగతి. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ల అప్‌డేట్ల మాట ఇచ్చాయి. తర్వాత శాంసంగ్ పై తరగతి టాబ్లెట్లకూ ఆ మాట పాకింది. కింది తరగతి మోడళ్లకు అదే హామీ ఉంటుందని మాత్రం అనుకోవద్దు. కౌంటర్‌లో అబ్బాయి చెప్పేది వినకండి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిచి సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా అని చూడండి. ఆ లెక్క మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. నాలుగేళ్ల హామీ ఉన్న మోడల్ని అది వచ్చిన రెండేళ్లకి ఆఫర్‌లో కొంటే మీకు మిగిలేది రెండేళ్లే. పాత సరుకు మీద ఆఫర్లు పెట్టడంలో మతలబు చాలావరకు ఇదే.

ప్రశ్న: మా అబ్బాయి తన పాత ఐప్యాడ్ నాకిచ్చాడు. ఎంత వెతికినా కాలిక్యులేటర్ కనిపించడం లేదు. పొరపాటున తీసేశానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరేమీ తీసేయలేదండీ. అసలు లేనేలేదు! ఐప్యాడ్ 2010లో వచ్చింది, అందులో ఆపిల్ సొంత కాలిక్యులేటర్ 2024లో ఐప్యాడ్ ఓఎస్ 18తో వచ్చింది. మధ్యలో పద్నాలుగేళ్లు. మీది అంతకన్నా పాత వెర్షన్ అయితే స్టోర్‌లోంచి ఏదో ఒకటి దించుకోండి.

నవ్వుకోవడానికి బాగుంది గానీ ఇందులో కొనేవాళ్లకి పనికొచ్చే సంగతి ఉంది. ఫోన్‌లో ఉన్న యాప్ టాబ్లెట్‌లో కూడా ఉంటుందని అనుకోకూడదు. వాట్సాప్ ఐప్యాడ్ యాప్ 2025 మేలో, ఇన్‌స్టాగ్రామ్‌ది 2025 సెప్టెంబర్‌లో గానీ రాలేదు. ఆండ్రాయిడ్ వైపు జబ్బు ఇంకో రకం. యాప్ ఉంటుంది, కానీ ఫోన్ కోసం చేసినదాన్నే సాగదీసి చూపిస్తుంది. పెద్ద తెరలో సగం ఖాళీ, బటన్లేమో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. గూగుల్ 2022లో పెద్ద తెరల కోసమే 12ఎల్ అని ప్రత్యేకంగా ఒక వెర్షన్ తెచ్చాక కాస్త మెరుగైంది. మీరు రోజూ వాడే నాలుగైదు యాప్‌ల పేర్లు కాగితం మీద రాసుకుని, డెమో పీస్‌లో వాటిని అడ్డంగా, నిలువుగా తిప్పి చూడండి. స్పెసిఫికేషన్ల పట్టికలో ఇది దొరకదు.

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం. లాప్‌టాప్, టాబ్లెట్ రెండూ కొనే స్తోమత లేదు. నోట్స్ పెన్నుతో రాసుకోవాలి, కోడింగ్ చేయాలి, బొమ్మలు వేయడం నా సరదా. ఎం చిప్ ఉన్న ఐప్యాడ్ లాప్‌టాప్ కంటే పవర్‌ఫుల్ అని ఫ్రెండ్స్ అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: చిప్ గురించి మీ ఫ్రెండ్స్ చెప్పింది అబద్ధం కాదు. 2020లో మ్యాక్ కంప్యూటర్లలో పెట్టిన ఎం1 చిప్‌నే ఆపిల్ 2021లో ఐప్యాడ్ ప్రోలో పెట్టింది. ఒకే చిప్ అయినా మ్యాక్‌లో నడిచే ఎక్స్‌కోడ్ (యాప్‌లు తయారు చేసే ఆపిల్ ప్రోగ్రామ్) ఐప్యాడ్‌లో నడవదు. ఎందుకంటే అడ్డం ఉన్నది ఓఎస్. ఏ ప్రోగ్రామ్ ఎంతవరకు పోవచ్చో, ఏ ఫైల్‌ని తాకవచ్చో అదే గీత గీస్తుంది. కాలేజీలో మీచేత చేయించే డాకర్, వీఎస్ కోడ్ లాంటి ప్రోగ్రామింగ్ సాధనాలు మామూలు పద్ధతిలో అందులో ఎక్కవు. బ్రౌజర్‌లో నెట్టుకురావచ్చు గానీ, నెట్ పోయిన రోజున, రేపొద్దున సబ్మిషన్ అన్న రాత్రి, మీ గతేమిటో ఆలోచించుకోండి. స్విఫ్ట్ ప్లేగ్రౌండ్ అని ఆపిల్ సొంత యాప్ ఒకటి ఉంది. నేర్చుకోవడానికి ముచ్చటగా ఉంటుంది, సిలబస్ మాత్రం దానితో గట్టెక్కదు.

ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే పైథాన్, గిట్, సీ కంపైలర్ దాకా దొరుకుతాయి. కీబోర్డు తగిలిస్తే మొదటి ఏడాది ల్యాబ్ ప్రోగ్రామ్‌లు దాంతో కానిచ్చేయొచ్చు. తమాషా ఏమిటంటే ఆండ్రాయిడ్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో మాత్రం ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో నడవదు.

అంచేత ఒకే వస్తువు అన్నప్పుడు నేను మీకు చెప్పేది విండోస్ టాబ్లెట్. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ లాంటిదో, తెర విడిపోయే లాప్‌టాపో. సుఖపడతారని చెప్పను. చేతిలో పట్టుకుని వేలితో వాడటానికి మూడింటిలో మొరటుది ఇదే. మూసే గుర్తు వేలికి సరిగ్గా అందదు, రైట్ క్లిక్ కావాలంటే నొక్కి పట్టుకుని ఎదురుచూడాలి, కొన్ని పాత ప్రోగ్రామ్‌ల మెనూలు భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్నగా ఉంటాయి. స్లీప్‌లో పెట్టి బ్యాగులో పడేస్తే ఒక్కోసారి వేడెక్కి, బ్యాటరీ సగం తాగేసి ఉంటుంది. అయినా కీబోర్డు తగిలించగానే అది నిజమైన కంప్యూటర్. మీకు కావాల్సింది ఆ క్షణం.

విండోస్‌లోనూ రెండు జాతులున్నాయి. ఇంటెల్, ఏఎండీ చిప్‌లవి ఒకటి, స్నాప్‌డ్రాగన్ లాంటి ఆర్మ్ చిప్‌లవి రెండోది. ఆర్మ్ వాటికి బ్యాటరీ బాగుంటుంది. పాత ప్రోగ్రామ్‌లను లోపల్లోపల అనువదించుకుని నడుపుతాయి కూడా. కానీ బయటి పరికరాలను కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్లు అలా నడవవు. మీ ల్యాబ్‌లో ఏదైనా బోర్డో, పాత ప్రింటరో తగిలించాల్సి వస్తే దానికి ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో సీనియర్లని ముందే అడగండి. సెకండ్ హ్యాండ్ కొంటుంటే ఇంకో మాట: విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. పాత సర్ఫేస్‌లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. విండోస్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తాయని ఎవరైనా చెబితే అది పాత మాట. ఆ సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2025 మార్చిలో ఆపేసింది.

బొమ్మల విషయంలో మాత్రం మీకు కొంత నష్టమే. బొమ్మలు వేసే ప్రోక్రియేట్ యాప్ ఐప్యాడ్‌కే ఉంది, విండోస్‌కి లేదు. క్రిటా ఉచితం, విండోస్‌లో చక్కగా నడుస్తుంది, సరదాకి అది చాలు. రేపు బొమ్మలే మీ బతుకుతెరువు అయితే అప్పుడు ఐప్యాడ్ గురించి మాట్లాడుకుందాం. అప్పుడు కూడా పెన్ను ఏ మోడల్‌కి ఏది సరిపోతుందో చూసుకునే కొనాలి. ఆపిల్ పెన్సిళ్లు నాలుగు రకాలు, ఒక ఐప్యాడ్‌కి పనిచేసేది ఇంకోదానికి పనిచేయకపోవచ్చు. వాటిలో యూఎస్‌బీ-సీ రకానికి ఎంత నొక్కితే అంత మందంగా గీసే గుణమే లేదు. నోట్స్‌కి సరే, బొమ్మలకి దండగ.

ప్రశ్న: కొత్త ఆండ్రాయిడ్ టాబ్లెట్ కొన్నాను. తెర ఫుల్ హెచ్‌డీ అని బాక్సు మీద ఉంది. యూట్యూబ్ బాగానే ఉంటోంది. డబ్బు కట్టి చూసే సినిమా యాప్‌లలో మాత్రం బొమ్మ మసకగా వస్తోంది. ఐప్యాడ్ కొని ఉండాల్సిందా?

జవాబు: తెర తప్పు కాదు, మీ నెట్ తప్పూ కాదు. వైడ్‌వైన్ అనే తాళం ఉంది. కాపీ కొట్టకుండా సినిమాని కాపాడే గూగుల్ ఏర్పాటు అది. అందులో ఎల్1 స్థాయి ఉన్న పరికరానికే ఆ యాప్‌లు హెచ్‌డీ పంపుతాయి. ఎల్3 అయితే తెర ఎంత గొప్పదైనా సాధారణంగా 480పీ దగ్గరే ఆపేస్తాయి. యూట్యూబ్‌లో మామూలు వీడియోలకు ఈ తాళం లేదు, అందుకే అక్కడ తేడా తెలియదు. ప్లే స్టోర్‌లో డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ వేసి చూడండి, సెక్యూరిటీ లెవెల్ అన్నచోట ఎల్3 అని ఉంటే రోగం అదే. మీరు సెట్టింగ్స్‌లో చేయగలిగిందేమీ లేదు. వాపసు గడువు ఉంటే ఇచ్చేయండి. ఐప్యాడ్‌లకు ఈ బెడద లేదు, ఆపిల్ తాళం ఆపిల్‌దే. ఎల్1 ఉన్న ఆండ్రాయిడ్ టాబ్లెట్లకూ లేదు.

ప్రశ్న: రిటైరయ్యాక కథలు రాస్తున్నాను. తెలుగులో టైపు చేయడానికి, చదవడానికి ఏ టాబ్లెట్ మేలు?

జవాబు: ఇప్పుడు ఐప్యాడ్, ఆండ్రాయిడ్ రెండిట్లోనూ తెలుగు బాగానే ఉందండీ. ఐఫోన్, ఐప్యాడ్‌లలో 2018లో 'జ్ఞా' అక్షరాన్ని మధ్యలో కనిపించని ఒక గుర్తుతో కలిపి రాసిన మెసేజ్ తెరిస్తే చాలు యాప్ కుప్పకూలేది.  ఆపిల్ ఆ ఫిబ్రవరిలోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే అలవాటుంటే, నోటితో చెప్పి రాయించుకోవాలన్నా, ఆండ్రాయిడ్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డు చేతికి తొందరగా అలవాటవుతుంది.

మీకు అసలు చిక్కు వేరేచోట రావచ్చు. పత్రికలకు పంపిన పాత కథలు అనూ ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉన్నాయా? ఆ వర్డ్ ఫైళ్లు టాబ్లెట్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, ఆ ఫాంట్ లేకపోతే ఏ ఓఎస్ అయినా అంతే. విండోస్‌లో ఆ ఫాంట్ వేసుకుంటే అక్షరాలు మళ్లీ కనబడతాయి. కాబట్టి పాత కంప్యూటర్ పారేయకముందే ఆ కథలన్నీ అన్ని పరికరాల్లోనూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించుకోండి, కనీసం పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. అప్పుడు ఏ టాబ్లెట్ కొన్నా ఒకటే.

ప్రశ్న: ఈ మూడూ కాక వేరే ఓఎస్‌లు కూడా వస్తున్నాయంటున్నారు. కొన్నాళ్లు ఆగమంటారా?

జవాబు: ఆగకండి. 2011 జులైలో హెచ్‌పీ వెబ్ఓఎస్‌తో టచ్‌ప్యాడ్ తెచ్చింది. ఓఎస్ నిజంగా బాగుండేది, ఇప్పుడు మనం వాడే తరహాలో యాప్‌లను కార్డుల్లా పక్కకి తోసే పద్ధతి దానిదే. అది మూన్నాళ్ల ముచ్చటే అయింది. ఆగస్టు 18న ఆపేస్తున్నామని ప్రకటించారు. అదే ఏడాది బ్లాక్‌బెర్రీ ప్లేబుక్ వచ్చింది, మెయిల్‌కి పేరుమోసిన కంపెనీ టాబ్లెట్‌లో సొంత మెయిల్ యాప్ పెట్టకుండానే విడుదల చేసింది. 2012లో విండోస్ ఆర్‌టీ వచ్చింది, పేరులో విండోస్ ఉంది గానీ పాత విండోస్ ప్రోగ్రామ్‌లేవీ ఎక్కవు. వీటన్నిటిదీ చివరికి ఒకే కథ. యాప్‌లు రాసేవాళ్లు రాలేదు, అంతే.

ఇప్పుడున్నవాటిలో అమెజాన్ ఫైర్ ఓఎస్ లోపల ఆండ్రాయిడే, కానీ గూగుల్ ప్లే ఉండదు. హువావే హార్మొనీ ఓఎస్ కొత్త తరం 2024 నుంచి ఆండ్రాయిడ్ యాప్‌లనే వదిలేసింది. క్రోమ్ ఓఎస్‌ని, ఆండ్రాయిడ్‌ని ఒకటి చేస్తామని గూగుల్ 2025లో చెప్పింది. చెప్పింది చెప్పినట్టు జరిగాక కొందాం. మీరు వాడే బ్యాంకు యాప్, పిల్లల స్కూలు యాప్ ఆ స్టోర్‌లో ఉన్నాయో లేవో చూసుకోకుండా వీటి జోలికి వెళ్లొద్దు.

ప్రశ్న: కొత్తది కొన్నాక పాత టాబ్లెట్‌ని మా తమ్ముడి పిల్లలకిద్దామనుకుంటున్నాను. అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వండి. చదువుకోవడానికి, వీడియోలకు, ఆఫ్‌లైన్ ఆటలకు ఇంకొన్నాళ్లు వస్తుంది. బ్యాంకు యాప్‌లు, మీ మెయిల్ మాత్రం అందులో ఉంచకండి. ఇచ్చే ముందు ఐప్యాడ్ అయితే ఫైండ్ మై ఆఫ్ చేసి ఆపిల్ అకౌంట్‌లోంచి సైన్ అవుట్ అవ్వండి. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ అకౌంట్ తీసేయండి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. నేను కొన్నేళ్లు సర్వీస్ కౌంటర్‌లో కూర్చున్నదాన్ని. పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోయిన టాబ్లెట్లు పట్టుకుని ఎంతమంది వచ్చేవారో! ఆ పాస్‌వర్డ్ మర్చిపోయి, బిల్లు కూడా పారేసుకుంటే మేమేమీ చేయలేకపోయేవాళ్లం. మీ తమ్ముడి ఎదురుగానే రీసెట్ చేసి, మొదటి తెర వాళ్ల వైఫైలో తెరుచుకుందో లేదో చూసి మరీ ఇవ్వండి.